గుర్తుండని పంతులమ్మ

మీ చేత మొట్టమొదట పలక పట్టించిన వారెవరో చెప్పగలరా? తొందరేం లేదు, ఆలోచించే చెప్పండి. హైస్కూల్లో లెక్కలు చెప్పిన మాస్టారి పేరు ఠక్కున చెబుతాం. ఆయన బెత్తం పొడుగెంతో కూడా చెబుతాం. కాలేజీలో తెలుగు చెప్పిన లెక్చరరుగారి కండువా ఏ భుజం మీద ఉండేదో కళ్ళకు కట్టినట్టుంటుంది. కానీ మన గుప్పిట్లో బలపం పెట్టి, ఆ గుప్పిటను తన చేత్తో పట్టుకుని మొదటి గీత గీయించిన మనిషి మొహం మాత్రం ఎంత తవ్వినా పైకి రాదు.

అందులో మన దోషమేమీ లేదు. మూడు, మూడున్నరేళ్ళ లోపు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవనీ, ఆ తర్వాత రెండు మూడేళ్ళవి కూడా ముక్కలు ముక్కలుగానే మిగులుతాయనీ మనస్తత్వ శాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. నడక ఎప్పుడు నేర్చామో గుర్తు లేదు, నడుస్తూనే ఉన్నాం. నేర్చింది మిగిలింది, నేర్పినవాళ్ళు మాసిపోయారు.

మా అమ్మ అలా మాసిపోయే ఉద్యోగం చేసిన మనిషి. పుట్టింది రేపల్లెలో. కాపురానికొచ్చి, పసిపిల్లల బడిలో పంతులమ్మగా పనిచేసింది బాపట్లలో. ఆఖరి రోజులు తెనాలిలో మా ఇంట్లో, నా పిల్లలకు అమ్మమ్మగా వెళ్ళదీసింది. ఆమె పోయినప్పుడు పరామర్శకు బాపట్ల నుంచి చాలామంది వచ్చారు. ఆమె ముందు చాప మీద కూర్చున్న పిల్లలే, ఇప్పుడు వాళ్ళకే మనవలు. "మీ అమ్మగారి దగ్గరే ఓనమాలు దిద్దానటండీ, మా అమ్మ చెప్పేది" అన్నారు. "నాకు గుర్తుంది" అన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ "నట" నా మనసులో ముల్లులా దిగబడింది. అన్నేళ్ళ చాకిరీకి మిగిలింది ఈ "నట" ఒక్కటేనా? ఈ మరుపు మా అమ్మ ఒక్కదాని నుదుటిరాతా, లేక ఆ పని చేసిన ఆడవాళ్ళందరిదీనా అని తెలుసుకుందామని పాత పుస్తకాలు తిరగెయ్యడం మొదలెట్టాను.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, జిల్లాల్లో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ అడిగాడు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన జవాబు ఇప్పటికీ చదవదగ్గది. ఆయన తెలుగు వచ్చిన దొర. 1816లోనే తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చువేయించినవాడు. పిల్లవాడికి అయిదో ఏడు రాగానే పంతులునూ బడిపిల్లలనూ ఇంటికి పిలుస్తారనీ, వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చుంటారనీ, పంతులు పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తాడనీ వర్ణించాడు. మర్నాటి నుంచీ చదువు మొదలు. సీమలో లాగా అక్షరాలను ముందు నోటితో వల్లించడం కాదు, నేల మీద ఇసుకలో వేలితో రాస్తూనే నేర్చుకుంటారని ప్రత్యేకంగా చెప్పాడు. వేలు బాగా తిరిగాకే తాటాకూ గంటమూ. "ఓం నమః" అంటూ దిద్దించేవారు గనకనే అవి మనకు ఓనమాలయ్యాయి.

ఈ ఇసుక రాత మన దగ్గరే ఆగలేదు. అంతకు ముందే, 1789లో, ఆండ్రూ బెల్ అనే పాదిరీ మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా ఉండేవాడు. ఒకనాడు గుర్రం మీద పోతూ, దారిపక్క బడిలో పిల్లలు ఇసుకలో వేళ్ళతో రాసుకుంటూ ఉండగా చూశాడట. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు, తప్పు రాస్తే అరచేత్తో చెరిపెయ్యొచ్చు. తన ఆశ్రమంలో అదే పెట్టించాడు. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. 1797లో లండనులో దాని మీద పుస్తకం వేస్తే, "మద్రాసు పద్ధతి" అన్న పేరుతో ఇంగ్లండు బడులన్నిటా పాకిపోయింది. చూశారా, మన వీధి అరుగు మీది ఇసుక ఓడెక్కి ఎంతదూరం పోయిందో!

ఇంత బాగుంది గదా, ఇక్కడే నాకొక సందేహం వచ్చింది. క్యాంప్‌బెల్ లెక్కలో బళ్ళారి జిల్లా మొత్తం మీద 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. మొదలయ్యేది అయిదో ఏట. మరి ఆ అయిదేళ్ళూ పిల్లవాడు ఏం చేస్తున్నట్టు? చెప్పినట్టు ఒకచోట కూర్చోవడం, రెండు వేళ్ళ మధ్య ఒక వస్తువు పట్టుకోవడం, ఒకటి తర్వాత రెండు వస్తుందని తెలియడం, ఇవన్నీ ఎవరు నేర్పారు? బడి ముఖం చూడని ఆడవాళ్ళే నేర్పారు. దొరగారికి ఆ సంగతి కనపడలేదు. కనపడే చోటూ కాదది. వంటిల్లూ, పెరడూ, మధ్యాహ్నం పూట నడవా.

రేపల్లెలో మా అమ్మమ్మ అక్షరాలు కూడబలుక్కుని చదివే మనిషి. కానీ ఆవిడ నడవా ఒక బడి. చింతపిక్కలు గుప్పిట్లోంచి ఎగరేసి చేతి వెనక పట్టడం ఆట అనుకునేవాళ్ళం. బలపం పట్టే వేళ్ళకు అంతకు మించిన కసరత్తు లేదని ఇప్పుడు తెలుస్తోంది. వామనగుంటల పీటకు పద్నాలుగు గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోతే లెక్క చేతివేళ్ళకు అంటుకుంటుంది. గుడుగుడు గుంచం ఆడితే తన వంతు వచ్చేదాకా ఆగడం తెలుస్తుంది. చుక్కలు పెట్టి ముగ్గు కలపడమంటారా, అది రాత కాక మరేమిటి? చుక్క తప్పితే, "చెయ్యి తొందరపడిందే, కన్ను ముందు పోవాలి" అనేది. ఇప్పటి ట్రెయినింగు పుస్తకాల్లో నాలుగు పేజీలు పట్టే విషయం అది.

సెలవుల్లో అమ్మ మమ్మల్ని అక్కడికే తీసుకుపోయేది. బాపట్ల నుంచి రేపల్లెకు రైల్లో పోవాలంటే తెనాలిలో దిగి బండి మారాలి. అప్పట్లో మూడూళ్ళూ గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4 నుంచీ బాపట్ల తనే ఒక జిల్లా అయి రేపల్లెను కలుపుకుంది, తెనాలి మాత్రం గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. తెనాలిలో ఎక్కిన బండి వేమూరు దాటి రేపల్లె చేరబోయే ముందు భట్టిప్రోలులో ఆగుతుంది. మాకు ఆ స్టేషనంటే జామకాయలే. పెద్దయ్యాక గానీ దాని గొప్ప తెలియలేదు. అక్కడి బౌద్ధస్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపితే, ధాతువులు దాచిన రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద అక్షరాలున్నాయి. రెండువేల ఏళ్ళు పైబడిన బ్రాహ్మీలిపి, అందులోనూ భట్టిప్రోలుకే ప్రత్యేకమైన తీరు. దక్షిణదేశంలో దొరికిన అతి పాత రాతల్లో అవి ఉన్నాయంటారు పండితులు.

రాయి మీద అక్షరం చెక్కినవాడి పనితనం ఇన్ని శతాబ్దాలు నిలిచింది. పేటికలకు దానమిచ్చిన వారి పేర్లూ నిలిచాయి. ఆ చెక్కినవాడు పసివాడై ఉన్నప్పుడు, వేలు పట్టుకుని మట్టిలో గీత గీయించిన తల్లో అవ్వో ఒకావిడ ఉండే ఉంటుంది కదూ? ఆవిడ రాసిందల్లా ఇసుకలో. ఇసుక మీది రాతకు శాసనం ఎక్కడుంటుంది?

అయిదేళ్ళ లోపు పిల్లలకూ ఒక చదువుందని పెద్దలు ఒప్పుకోవడం మొన్నమొన్నటి మాట. మన తెనాలి వైపు చూస్తే ముందుగా చలం గుర్తుకు రావాలి. 1894లో మద్రాసులో పుట్టినా ఆయన పెరిగింది తెనాలిలో తాతగారింట. బడుల తనిఖీ ఉద్యోగం చేస్తూ, పసిపిల్లలను కొట్టి, భయపెట్టి చెప్పే చదువును దగ్గర నుంచి చూశాడు. "బిడ్డల శిక్షణ" రాసి, శిక్షణ కావలసింది బిడ్డలకు కాదు పెద్దలకని వాదించాడు. చలం పేరెత్తితే కొందరిళ్ళల్లో పుస్తకం దాచేసేవారు గానీ, ఆ ఒక్క పుస్తకం మాత్రం అత్తగారూ కోడలూ ఇద్దరూ చదవదగ్గది.

గుజరాతులో గిజుభాయి బధేకా అనే వకీలు, కొడుకును ఎలా పెంచాలా అని ఆలోచిస్తూ వకాల్తాకే స్వస్తి చెప్పి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. జనం ఆయన్ని ముద్దుగా "మీసాల తల్లి" అన్నారు. చూడండి, పసిపిల్లలకు చదువు చెప్పే మగవాడికి కూడా మనవాళ్ళు తల్లి అన్న బిరుదే ఇచ్చారు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో మహారాష్ట్రలోని బోర్డీలో పల్లెపిల్లల కోసం పని మొదలుపెట్టింది. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ళ ముంగిట్లోకి పోవాలన్నది ఆవిడ మాట. అంగన్‌వాడీ అంటే అంతే, ముంగిలి బడి. పేరు అక్కడిదే.

ఇక మరియా మాంటిస్సోరి. రోము నగరంలో పేదల పేటలో 1907 జనవరి 6న మొదటి బాలగృహం తెరిచిన ఈ ఇటలీ డాక్టరమ్మ 1939లో మద్రాసు అడయారుకు వచ్చింది. ఇంతలో యుద్ధం ముదిరి ఇటలీ శత్రుదేశమైపోవడంతో 1946 దాకా ఈ దేశంలోనే ఉండిపోయింది. వందలాది టీచర్లు ఆవిడ దగ్గర తర్ఫీదు పొందారు. ఆవిడ పద్ధతిలో పిల్లలు గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వేలితో తడుముతారు. తడిమి తడిమి ఆ ఆకారం వేలికి తెలిశాకే రాత. క్యాంప్‌బెల్ చూసిన ఇసుక, మా అమ్మమ్మ ముగ్గు, ఆ గరుకు కాగితం, అన్నీ ఒక్క మాటే చెబుతున్నాయి: అక్షరం ముందు వేలికి రావాలి, తర్వాతే కంటికీ నోటికీ.

తెలుగునాట ఆ గాలి త్వరగానే సోకింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైంది. ఆ బోర్డు సాయంతో పల్లెల్లోకి బాలవాడీలు వచ్చాయి. 1955లో విజయవాడలో వి. కోటేశ్వరమ్మగారు మాంటిస్సోరి బడి పెట్టి, 2019లో కన్నుమూసేదాకా దాన్నే ప్రాణంగా చూసుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆడదిక్కు చదువులకు ఆ గుర్తింపు రావడానికి అరవై ఏళ్ళు పట్టిందన్నమాట.

మా అమ్మ ఆ బాలవాడీల కాలపు మనిషే. పద్మశ్రీలు కాదు గదా, నెల జీతం కూడా ఒకటో తారీఖున చూసి ఎరగదు. పొద్దున్నే ఇంట్లో పొయ్యి ఆర్పి, అక్కడికి పోయి ఇంకో పొయ్యి వెలిగించేది. ముందు పిల్లల గోళ్ళూ చెవులూ చూడడం. తర్వాత ఒక పాట. ఆ తర్వాత పెసలూ మినుములూ కలిపి పోసి వేరు చెయ్యమనడం, చెంబులో నీళ్ళు కింద చుక్క పడకుండా గ్లాసులోకి వంచమనడం, బంకమట్టితో బొమ్మలు చెయ్యమనడం. మొదటి మూడు నెలలూ పలక ఊసే లేదు.

దాంతో తల్లులు వచ్చి నిలదీసేవారు. "పంతులమ్మగారూ, ఇన్నాళ్ళయింది, మావాడికి 'అ' కూడా రాలేదు. గింజలు ఏరించడానికైతే మా ఇంట్లో ఏరలేడా?" అమ్మ నవ్వి, "సున్న చుట్టడం వచ్చిందమ్మా, చూడండి" అని పిల్లవాడి ముందు ఇసుక పళ్ళెం పెట్టేది. సూర్యలంక సముద్రం నుంచి సంచీతో తెప్పించుకున్న సన్న ఇసుక. వాడు వేలితో గుండ్రంగా సున్న చుట్టేవాడు. "మన అక్షరాలన్నీ గుండ్రనివే గదా. సున్న కుదిరితే సగం చదువు కుదిరినట్టే" అనేది. అమ్మమ్మ నడవాలో నేర్చిందీ, ట్రెయినింగులో చెప్పిందీ ఆవిడ చేతిలో ఎక్కడ కలిశాయో విడదీసి చెప్పడం కష్టం.

ఆ పని విలువ నాకు కళ్ళారా తెలిసింది ఉప్పెన తర్వాత. 1977 నవంబరు 19 రాత్రి వచ్చిన తుపాను సంగతి మా ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. రేపల్లెకు కృష్ణ అవతలి ఒడ్డునున్న దివిసీమ మునిగిపోయింది. సర్కారు లెక్కల్లోనే పోయినవాళ్ళు పదివేలకు అటూ ఇటూ. బాపట్ల, రేపల్లె తీరాలూ దెబ్బతిన్నాయి. నీరు తీశాక అమ్మ బడికి మళ్ళీ పిల్లలు వచ్చారు గానీ, కొందరు నోరు విప్పేవారు కాదు. పాటకు కలిసేవారు కాదు. గాలి కాస్త గట్టిగా వీస్తే ఒకరినొకరు కరుచుకుపోయేవారు. చూడడానికొచ్చిన పెద్దలు "ఏం జరిగిందమ్మా, చెప్పు" అని అడుగుతుంటే అమ్మ వద్దని సైగ చేసేది. తాను ఏమీ అడగలేదు. మట్టి ముద్దలు ముందు పెట్టి, తానూ ఒక ముద్ద తీసుకుని పక్కన కూర్చునేది. కొన్నాళ్ళకు ఒక పిల్ల ఇల్లు చేసింది. చేసి నలిపేసింది. మళ్ళీ చేసింది. నాలుగోసారో అయిదోసారో నలపకుండా అమ్మ చేతిలో పెట్టి, "దీనికి తలుపు కావాలి" అంది. ఆ పిల్ల నోట మేం విన్న మొదటి మాట అది.

ఆ పిల్లకు ఇది గుర్తుండి ఉండదు. గుర్తుండకపోవడమే మంచిదేమో కూడా.

అంతకు రెండేళ్ళ ముందే, 1975 అక్టోబరు 2న, కేంద్ర ప్రభుత్వం దేశంలో 33 చోట్ల అంగన్‌వాడీ పథకం మొదలుపెట్టింది. ఇవాళ అది లేని ఊరు లేదు. ఆరేళ్ళ లోపు పిల్లల తిండీ, టీకాలూ, ఆటపాటలూ అన్నీ ఆ ఒక్క పంతులమ్మ నెత్తినే. ఆవిడకిచ్చేది మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం. ఈ మాట ఎవరు కనిపెట్టారో గానీ, గౌరవం ఎక్కువా వేతనం తక్కువా అని మా అమ్మ హాస్యమాడేది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ ఆడవాళ్ళకూ గ్రాట్యుటీ హక్కుందని తీర్పు చెప్పింది. 2023 డిసెంబరులో మన రాష్ట్రంలో వాళ్ళు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్ల మీద కూర్చున్నారు. పసిపిల్లలను చూసుకోవడం ఆడదాని స్వభావమే గదా, దానికి జీతమేమిటి అన్న పాత ఆలోచనతోనే వాళ్ళ పోరాటమంతా.

చట్టం కూడా క్యాంప్‌బెల్ దొర లాగానే లెక్క వేసింది. 2002 రాజ్యాంగ సవరణ చదువును హక్కు చేసింది, కానీ ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకానే. ఆరేళ్ళ లోపు వారికి ప్రభుత్వం ప్రయత్నించాలి అని మాత్రం రాసింది. 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక గానీ మూడేళ్ళ నుంచీ ఆరేళ్ళ దాకా కాలాన్ని చదువు మెట్లలో మొదటి మెట్టులో భాగంగా కాగితం మీద లెక్కించలేదు. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి మించి ఆరేళ్ళ లోపే జరుగుతుందని ఆ పత్రమే చెబుతోంది. అదీ మన అమ్మమ్మలు ఏ పత్రమూ చూడకుండా చేసుకొచ్చిన పని.

తెనాలికి వచ్చాక అమ్మ రిటైరయిందనుకున్నాం. ఎక్కడ? నా పిల్లలతో మొదలై, పక్కింటి పిల్లలూ, వెనకవీధి పిల్లలూ చేరి మా వసారా నిండిపోయేది. మా అబ్బాయి పలక మీద సున్న వంకరపోతే వాణ్ణి ఏమీ అనేది కాదు. ఇసుక పళ్ళెం ఊపి మళ్ళీ చదును చేసి ముందు పెట్టేది. "తప్పు పోయింది చూడు నాన్నా, ఇంక రాయి" అనేది. తప్పు అంత సులువుగా పోతుందని నమ్మిన పిల్లలు తర్వాత ఏ పరీక్షకూ బెదరలేదు. ఎందుకు బెదరలేదో వాళ్ళకు తెలియదు.

నాకిప్పుడు ఆ "నట" మీద కోపం లేదు. దాన్ని పలికిన వాళ్ళకు ఆ మాట చెప్పింది వాళ్ళ తల్లులు. తల్లి గుర్తుపెట్టుకుని చెప్పబట్టే ఆ పేరు అంతదూరమైనా వచ్చింది. పసివాళ్ళకు బదులు పెద్దవాళ్ళే జ్ఞాపకం దాచిపెట్టాలన్నమాట.

అందుకే ఒక చిన్న పని చెబుతాను, చేస్తారా? మీ పిల్లల పుట్టినతేదీ, టీకాలూ, మొదటి పన్ను ఊడిన రోజూ డైరీలో రాసుకుంటారు గదా, ఆ పక్కనే వాళ్ళను మొదట కూర్చోబెట్టిన అంగన్‌వాడీ టీచరు పేరో, నర్సరీ ఆయమ్మ పేరో, ఇంట్లోనే దిద్దించిన అవ్వ పేరో పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి పెట్టండి. పిల్లలకు ఎలాగూ గుర్తుండదు. పెద్దయ్యాక వాళ్ళకు "నట" అని చెప్పుకోవడానికైనా ఒక పేరుంటుంది.